కల్లం మీద మబ్బు

ఈ ఏడు చైత్రం మనుషుల్ని ఏడిపించడానికే వచ్చినట్టుంది. పొద్దున ఏడింటికే ఉక్కపోత. మధ్యాహ్నం బాల్కనీ గ్రిల్లు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోంది. ఎండాకాలమే కదా అని సర్దుకుందామంటే, సాయంత్రానికి గాలి దుమారం, దాని వెనకే ఉరుములు, కాసేపు రాళ్ల వాన, ఆపైన రాత్రంతా కరెంటు ఉండదు. హైదరాబాద్ శివార్లలో మా బోడుప్పల్‌లో గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, ఎక్కడో ఓ కొమ్మ విరిగి తీగల మీద పడుతుంది. లిఫ్టు ఆగుతుంది, బోరు మోటరు ఆగుతుంది, ఇన్వర్టరు అర్ధరాత్రి దాకా కుయ్యిమని కుయ్యిమని అదీ ఊరుకుంటుంది. తెల్లారితే మళ్లీ అదే ఎండ, తడిసిన నేలలోంచి ఆవిరి. ఇంట్లో ఒకరికి తగ్గితే ఇంకొకరికి జలుబు.

టీవీ పెడితే ద్రోణి ప్రభావం అంటారు. బంగాళాఖాతం మీదుగా వచ్చే తేమ గాలి, వాయవ్యం నుంచి వచ్చే పొడి గాలి మన నెత్తి మీదే కలుస్తాయి. కింద కాలిన నేల ఆ తేమను పైకి తోస్తుంది. మబ్బు బాగా ఎత్తుకు లేచిందంటే లోపలి నీళ్లు గడ్డకట్టి రాళ్లై పడతాయి. కారణం తెలిస్తే ఉక్కపోత తగ్గుతుందా అంటే తగ్గదు. నేను మాత్రం ఉప్పల్ రోడ్డు పక్కన కొన్న రంజన్ కుండకు తడిగుడ్డ చుట్టి, సాయంత్రానికి మజ్జిగ చేసి, దేనికైనా మంచిదని కొవ్వొత్తులు బయట పెట్టుకుని కూర్చుంటున్నాను.

రాళ్లు పడగానే మా అపార్టుమెంటులో పండగ. పిల్లలు స్టీలు గ్లాసులు పట్టుకుని పార్కింగులోకి పరుగు. పెద్దవాళ్లు బాల్కనీల్లో నిలబడి వీడియోలు. "అబ్బ, చల్లబడింది" అని ఎదురింటావిడ వేడివేడిగా మిరపకాయ బజ్జీలు పంపిస్తుంది. బజ్జీలు తింటాను, చల్లగాలీ బాగానే ఉంటుంది. కానీ తొలి రాయి టంగుమని గ్రిల్లు మీద పడగానే నాకు తట్టేది ఒకటే మాట. కల్లంలో వడ్లున్నయా?

ఊళ్లో బతికినదానికంటే సిటీలో బతికిందే ఎక్కువ. అయినా ఆ భయం పోలేదు. ఫోన్ తీసి తమ్ముడికి చేస్తాను.

"ఇక్కడ ఇంకా పడలేదక్కా. మబ్బు మాత్రం గట్టిగనే పట్టింది. పరదాలు కప్పినం. నువ్వు టెన్షన్ పడకు" అంటాడు. వాడికి అరవై దగ్గర పడుతోంది, ఇప్పటికీ నాకు ధైర్యం చెప్పడం వాడి పనే.

* * *

మా ఊరు జనగామ దగ్గర. చెరువు నిండిన ఏడు చెరువు కింద వరి, లేకపోతే జొన్న, మక్క, కంది. యాసంగి, అదే రబీ వరి, బాయి ఉన్నవాళ్ల భాగ్యం. అదీ ఎకరం, మహా అయితే ఎకరంన్నర. అప్పట్లో యాసంగికి తెల్లహంస వేసేవాళ్లు, చలికి నారు తట్టుకుంటుందని.

మా బాయి దగ్గర నాకు గుర్తున్న మొదటి చప్పుడు మోట గిరకది. తెల్లవారకముందే నాయిన ఎడ్లను కట్టేవాడు. అవి ఒడ్డు మీంచి ఏటవాలు దారిలో కిందికి నడిస్తే తోలు మోట నీళ్లతో పైకి లేచేది. తొండంలోంచి తొట్టిలోకి భళ్లుమని నీళ్లు. మళ్లీ మోట బాయిలోకి దిగాలంటే ఎడ్లు వెనక్కి, వెనక్కి నడిచి పైకి ఎక్కాలి. ఎద్దుకు వెనక్కి నడవడం నేర్పాలంటే ఎంత ఓపిక కావాలో ఎద్దును పెంచినవాళ్లకే తెలుసు. నాయిన వాటితో పాటలాంటి మాటలేవో అనేవాడు. నాకు ఒక్క ముక్కా గుర్తులేదు, రాగం మాత్రం చెవిలో ఉంది.

మోట పోయి ఆయిలింజన్ వచ్చింది. హ్యాండిల్ తిప్పి తిప్పి స్టార్టు చేస్తే, ముందు నల్ల పొగ, తర్వాత ఊరంతా వినబడేలా దడదడ. ఏ ఇంజన్ ఎవరిదో ఇంట్లో కూర్చుని చెప్పేది అమ్మ. "అగో, పెద్దనాయిన ఇంజన్ ఆగింది. డీజిల్ అయిపోయినట్టుంది" అని. ఆ తర్వాత కరెంటు మోటరు. దానికి చప్పుడే లేదు, స్టార్టరు టక్కుమనడం తప్ప. కానీ కరెంటు వచ్చేది రాత్రిపూట. ఏ ఒంటిగంటకో పొలాల్లోంచి ఒకరు "కరెంటొచ్చిందిరో" అని కేకేస్తే, ఆ కేక ఒక బాయి నుంచి ఇంకో బాయికి పాకేది. నాయిన మూడు బ్యాటరీల లైటు, చేతికర్ర పట్టుకుని వెళ్లేవాడు. చీకట్లో గట్ల మీద పాములు, తడి కాళ్లతో ముట్టుకుంటే షాకు కొట్టే స్టార్టరు డబ్బాలు. ఆయన వచ్చి చెప్పులు విడిచిన చప్పుడు వినేదాకా అమ్మ కన్ను మూసేది కాదు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. అప్పటికి నాయిన లేడు. తమ్ముడు మాత్రం పొద్దున చాయ్ తాగి, తాపీగా వెళ్లి మోటరు పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

నా పని సద్ది మోయడం. గిన్నెలో జొన్న గట్క, చెంబులో పచ్చిపులుసు, కొంగున రెండు ఉల్లిగడ్డలు. మోదుగ పూలు రాలిన దారమ్మట బాయికి పోతుంటే ఎండ వీపు మీద పడేది, ఎదురుగా వరి చేను మీంచి చల్లగాలి ముఖానికి తగిలేది. ఏసీ గాలికి ఆ వాసన లేదు. అలాగని పొలం బతుకంతా హాయి అని ఎవరైనా అంటే మాత్రం నేను తలూపను. వరి ఆకు కోసుకుని అమ్మ చేతులు గీతలు గీతలుగా ఉండేవి. నాట్లప్పుడు వేళ్ల సందులు ఒరిసి, రాత్రి పసుపు నూనె రాసుకుని మూలిగేది. "నువ్వు సదువుకో, ఈ బురద నాతోనే పోనీ" అని ఆమె అన్న మాట నేను పల్లె గురించి ముచ్చటగా రాసేటప్పుడల్లా అడ్డం వస్తుంది.

* * *

కల్లం బాయి దగ్గరే. కోతలకు ముందే గడ్డి చెక్కి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి, ఆపైన పేడతో అలికేవాళ్లు. ఆరిన తర్వాత ఇంటి నడిమి గదికంటే నున్నగా ఉండేది. చెప్పులతో దాని మీదికి ఎవరూ రారు.

కోసిన వరిని మెదలుగా పొలంలోనే ఎండనిచ్చి, మోపులు కట్టి, నెత్తిన మోసి కల్లంలో కుప్ప పెట్టేవాళ్లు. కుప్ప పెట్టడం అందరికీ రాదు. వెన్నులు లోపలికి, మొదళ్లు బయటికి, పైన వాన జారిపోయేలా వాలు. మా ఊళ్లో ఆ పని బాగా వచ్చినవాళ్లు ఇద్దరో ముగ్గురో. వాళ్లను కోతలకంటే ముందే పిలిచి చెప్పుకోవాలి. వాళ్లు పెట్టిన కుప్పలోకి నీటి చుక్క దిగదు. వాన వచ్చినా కుప్పను చూసి ఎవరూ దిగులుపడరు. దిగులంతా కుప్ప విప్పిన తర్వాతే. బంతి కట్టి ఎడ్లతో తొక్కించి, గడ్డి దులిపి, గింజ రాశి పోశాక, అది ఇల్లు చేరేదాకా ఆ రెండు మూడు రోజులే ప్రాణం గొంతులో ఉండేది.

రాశి పోయడానికి తూర్పార పట్టాలి, తూర్పారకు గాలి కావాలి. నాయిన ఎత్తు పీట మీద నిలబడి చాట పైకెత్తి, గాలి కోసం కాచుకునేవాడు. కింద నుంచి అమ్మ గంపతో అందించేది. గాలి రాగానే సన్నగా వదిలితే, గట్టి గింజ కాళ్ల దగ్గర, తాలు కాస్త అవతల, పొట్టు ఇంకా దూరంగా పడేది. గాలి ఆగితే చాట ఆగేది. అందరం చెట్ల ఆకులు చూస్తూ కూర్చునేవాళ్లం. ఈ చైత్ర మాసపు గాలితో చిక్కేమిటంటే, రాకపోతే తూర్పార సాగదు, ఎక్కువగా వస్తే వెనకాల వాన తెస్తుంది.

కొలిచేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. మొదటి కుంచం "లాభం". ఒకటి అనరు. తర్వాత రెండు, మూడు. తాత గొంతు సాగదీసి లెక్కపెట్టేవాడు. కోసినవాళ్లకు కూలి గింజలే. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి అందరికీ అక్కడే కొలిచేవాళ్లు. ఏడాదంతా నాగలి చెక్కినందుకు, కొడవలి కక్కు పెట్టినందుకు కల్లంలో లెక్క తేలేది. అందరికీ పోగా మిగిలిన రాశిని చూసి తాత ఏమీ అనకుండా తలగుడ్డ సర్దుకున్నాడంటే ఆ ఏడు గింజలు తక్కువని మాకు అర్థమయ్యేది.

రాత్రి కాపలా పిల్లలకు పండగ. గడ్డి పరుచుకుని, దుప్పటి కప్పుకుని పడుకునేవాళ్లం. తాతకు గడియారం ఆకాశంలో చుక్కలే. "గొల్లకావడి కుంగింది, ఇగ పండుండ్రి" అనేవాడు. మేం పండుకునేవాళ్లం కాదు.

* * *

ఆ ఏడు అశ్విని కార్తె నడుస్తోంది. "అశ్విని కురిస్తే అంతా నష్టం" అని తాత రెండు మూడుసార్లు అనడం విన్నాను. ఎవరూ ఆయనకు బదులు చెప్పలేదు. రాశి పోసి ఉంది, పొద్దున కొలవాలి.

ఆ సాయంత్రం గాలి ఉన్నట్టుండి ఆగింది. వేప చెట్టు మీద కాకులు కూడా నోరు మూసుకున్నాయి. పెద్దెద్దు మేత వదిలి పడమటి దిక్కు ముట్టె ఎత్తింది. తాత దాన్ని చూశాడు, ఆకాశాన్ని చూశాడు, "లెవ్వుండ్రి" అన్నాడు. అంతే. అప్పట్లో పరదాలు ఏవి? గోనెసంచులు, తాటాకు తడకలు, వాటి మీద గడ్డి. నాయిన రాశిని ఎగదోస్తుంటే, అమ్మ పార తీసుకుని కల్లం చుట్టూ కాలువ తీయడం మొదలుపెట్టింది. పక్క కల్లాల వాళ్లు పిలవకుండానే వచ్చారు. అందులో అంతకుముందు నెలలోనే గట్టు దగ్గర నాయినతో కొట్లాడి మాటలు మానేసిన చిన్నాయన కూడా ఉన్నాడు. ఇద్దరూ ఒకే తడక చెరో పక్క పట్టుకుని లాగారు, మాట్లాడుకోలేదు. మళ్లీ మాటలు కలవడానికి దసరా దాకా పట్టింది.

ముందు మట్టి వాసన, తర్వాత దుమ్ము, తర్వాత రాళ్లు. నన్నూ తమ్ముణ్నీ బండి కిందికి తోశారు. బండి మీద రాళ్లు పడుతుంటే డప్పు కొట్టినట్టు మోత. తమ్ముడు చెయ్యి చాపి ఒక రాయి పట్టుకుని నోట్లో వేసుకున్నాడు. నేనూ వేసుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు భయం వేయలేదు, సంతోషంగా ఉంది. బడి లేదు, ఐసు ఊరికే దొరుకుతోంది. బండి చక్రాల సందులోంచి చూస్తే అమ్మ తలకు గంప బోర్లించుకుని ఇంకా పార వేస్తూనే ఉంది. ఇంటి దగ్గర నాయినమ్మ రోకలి తీసి వాకిట్లోకి విసిరేసిందట, రాళ్లు ఆగాలని. అవి ఆగాలనుకున్నప్పుడే ఆగాయి.

పొద్దున చూస్తే రాశి అడుగున సగం నాని ఉంది. చెయ్యి పెడితే లోపల వెచ్చగా తగిలింది. అలాగే వదిలేస్తే రెండు రోజుల్లో మొలకలొస్తాయి. ఊరికంతటికీ అప్పుడున్న తారు రోడ్డు ఒకటే. ఆ రోడ్డు మీద ఎవరెంత మేర పరుచుకోవాలో పెద్దమనుషులు గీతలు గీశారు. పిల్లల పని వడ్లు తిరగేయడం. చేతులతో కాదు, కాళ్లతో. పాదాలు ఎత్తకుండా ఈడ్చుకుంటూ ఒక చివర నుంచి ఇంకో చివరకు నడవాలి. వెనకాల రెండు చాళ్లు పడేవి. మళ్లీ వాటి పక్కనే ఇంకో రెండు. పైన గింజ కాలుతుంటే, కింద గింజ చల్లగా వేళ్ల సందుల్లోకి వచ్చేది. బస్సు వస్తే డ్రైవరు వడ్ల మీద నుంచే నడిపించేవాడు, తిట్టుకుంటూ. ఆ ఏడంతా మా ఇంట్లో అన్నం ముక్క వాసన వచ్చింది. నాయినమ్మ ఆ బియ్యం పిండితో సర్వపిండి చేసి, నువ్వులు, వెల్లుల్లి దండిగా వేసి వాసన కప్పిపెట్టేది. పాడైన గింజ రుచిగా తినడం మాకు అట్లా అలవాటైంది.

* * *

పెళ్లయి ఈ వైపుకు వచ్చినప్పుడు ఉప్పల్ దాటితే పొలాలే. పీర్జాదిగూడ దిక్కు మూసీ నీళ్లతో పశువుల గడ్డి పెంచేవాళ్లు, అక్కడక్కడా వరి. ఆ నీళ్ల వాసన భరించలేం. అయినా నాట్లు వేసిన కొత్తలో పచ్చదనం కనబడితే బస్సులో కిటికీ వైపు జరిగి కూర్చునేదాన్ని. తర్వాత రాళ్లు పాతారు, ప్లాట్లయ్యాయి, ఇళ్లయ్యాయి. మా అపార్టుమెంటు కూడా ఎవరి మడి మీద లేచిందో తెలియదు.

* * *

ఇప్పుడు మా ఊళ్లో కల్లం లేదు. ఎడ్లు లేవు. కుప్ప పెట్టేవాళ్లు పోయారు, వాళ్ల పిల్లలకు ఆ పని రాదు, అవసరమూ లేదు. దేవాదుల ఎత్తిపోతల నీళ్లు చెరువుల్లోకి రావడం మొదలయ్యాక యాసంగిలో కూడా కంటికి ఆనినంత మేరా వరే. ఇది మాత్రం మా తాత చూసి ఉండాల్సింది. కోతకు మిషన్ వస్తుంది, గంటకింతని కిరాయి. పొద్దున నిలబడి ఉన్న చేను మధ్యాహ్నానికి ట్రాక్టరులో గింజలై ఉంటుంది.

మిషన్ రాగానే వాన భయం పోతుందనుకున్నాను. పెరిగింది. కొడవలితో కోస్తే చేను మెద మీద ఎండేది, కుప్పలో ఆరేది, గింజ ఆరాకే రాలేది. మిషన్ పచ్చి గింజనే రాల్చి పోస్తుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. అందుకని ఊరంతా వడ్లు ఒకేసారి రోడ్ల మీద, బడి ఆవరణలో, గుడి ముందర ఆరబోసి ఉంటాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఈ ద్రోణి. ఒకప్పుడు పదిమంది రైతుల ఎకరం ఎకరం తడిసేది, ఇప్పుడు ఊరి పంటంతా ఒక్కసారే తడుస్తుంది.

మొన్న వెళ్లినప్పుడు తమ్ముడు కేంద్రం దగ్గర పరదాల కిందే పడుకుంటున్నాడు. పగలు పరదా తీసి ఆరబెట్టడం, సాయంత్రం మబ్బు పడితే కప్పడం. తేమ మిషన్‌లో గింజ వేస్తే 19 చూపించిందట. రెండు రోజులు ఆరబెడితే 17కు వచ్చింది. సంచులు రాలేదు. సంచులు వచ్చిన రోజు లారీ రాలేదు. ఆ రాత్రి వాన పడింది. మళ్లీ మొదటికి. 40 కిలోల బస్తాకు తరుగు పేరుతో ఇంకొంచెం ఎక్కువ తూకం వేశారని కూడా చెప్పాడు, అదేదో మామూలు సంగతన్నట్టు.

నార్లు ముందే పోసి మార్చి ఆఖరుకల్లా కోతలు ముగించుకోండని సర్కారు, వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. రాళ్ల వాన తప్పుతుంది, ఎండకు గింజ పగిలి నూక కావడమూ తగ్గుతుంది. యాసంగి వడ్లు మరపడితే నూక ఎక్కువనే కదా ఉప్పుడు బియ్యం చేసేది. ఈ మాటే తమ్ముడితో అన్నాను.

"మంచి మాటే అక్కా. మరి వానాకాలం పంట నవంబర్ల కోసి, డిసెంబర్ దాకా ఇదే కేంద్రంల కూసుంటి. నారు ఎప్పుడు పోయాలె?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లి వైపు రాళ్లు పడి రోడ్లు, పొలాలు తెల్లగా మారిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. కశ్మీర్‌లా ఉందని అందరూ పంపుకున్నారు. నాకూ చాలామంది పంపారు. ఆ నెలలోనే పంట పోయిన ఎకరానికి 10 వేల రూపాయల సాయం ప్రకటించారు. ఆ వీడియోల్లో తెల్లటి రాళ్ల కింద ఏ పంట ఉందా అని నేను ఫోన్ పెద్దగా చేసి చూసుకున్నాను. కనబడలేదు.

* * *

ఈసారి వాన తర్వాత తమ్ముడి ఫోన్. వడ్లు పరవాలేదట, బాయి దగ్గర మామిడి చెట్టు కింద మాత్రం కాయలన్నీ రాలాయట. "దెబ్బ తగిలిన కాయ, తొక్కుకు పనికిరాదు. కార్గోల ఏస్తున్న, ఉప్పల్ల తీసుకో" అన్నాడు. మా చిన్నప్పుడు గాలివాన ఆగీ ఆగకముందే పిల్లలం ఆ చెట్టు కిందికి పరుగెత్తేవాళ్లం, అమ్మ వడ్ల కోసం ఏడుస్తుంటే మేం ఒడి నిండా కాయలు ఏరుకునేవాళ్లం.

రెండు బస్తాలు వచ్చాయి. కొన్ని పప్పులోకి ఎదురింటావిడకు, కొన్ని వాచ్‌మన్ వాళ్లకు ఇచ్చాను. మిగతావి దెబ్బ తగిలిన చోట తీసేసి, ముక్కలు కోసి, ఉప్పు పసుపు కలిపి ఒరుగులు పెట్టాలి. దానికి డాబా కావాలి. డాబా తాళం అసోసియేషన్ దగ్గర. పిల్లలు ట్యాంకుల పైకి ఎక్కుతున్నారని ఎవరికీ ఇవ్వడం లేదు. సెక్రటరీ గారి దగ్గరికి ఒక గిన్నెడు మామిడికాయ పప్పు పట్టుకుని వెళ్లాను. ఆయనది కరీంనగర్ వైపట. ఒరుగులు అనగానే ముఖం మారింది. వాళ్లమ్మ చింతకాయ తొక్కు గురించి చాలాసేపు చెప్పాడు, పప్పు బాగుందన్నాడు, తాళంచెవి ఇచ్చాడు. షరతు ఒకటే పెట్టాడు. ఎండినాక ఆయన వాటా ఆయనకు చేరాలి, ఆ సంగతి మూడో అంతస్తు వాళ్లకు తెలియకూడదు, వాళ్లు నిరుడు వడియాలు పెట్టుకుంటామంటే ఈయన తాళం ఇవ్వలేదట.